గెట్టు మీది బ్యాటరీ రాళ్లు

మా ఆయనకు పర్యావరణం మీద ప్రేమ పుట్టింది కరెంటు బండ్లకు రోడ్డు ట్యాక్సు మాఫీ అయిన వారంలో. అంతకుముందు చెట్టు నీడన బండి నిలుపుకోవడం తప్ప ఆయన చెట్లకు చేసిన మేలు నేనెరగను. ట్యాక్సూ లేదు, రిజిస్ట్రేషన్ ఫీజూ లేదని పేపర్లో చదివిన పొద్దున మాత్రం, భూమి వేడెక్కిపోతోందని నా టీ చల్లారేదాకా చెప్పాడు.

బండి నా పేరునే కొన్నాం. నేను మెదక్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. అప్పటిదాకా ఆయన బండి వెనక సీటే నాకు గతి. వెనక కూర్చున్న మనిషి ఎంత చదివినా సరే, ముందున్న మనిషికి దోస్తు కనబడితే రోడ్డు పక్కన బ్యాగు పట్టుకుని నిలబడాల్సిందే. కరెంటు బండి వచ్చాక నేను అనుకున్న చోట ఆగాను, అనుకోని చోట ఆగలేదు. దానికి చప్పుడు లేకపోవడం ఇంకో లాభం. స్టాఫ్‌రూంలో నా గురించి నడిచే ముచ్చట ఇదివరకు గేటు దగ్గరే బండి చప్పుడుకు ఆగిపోయేది. ఇప్పుడు ఆఖరి ముక్కదాకా వినగలిగాను.

లిథియం గురించి నేనే పాఠం చెబుతాను. మూడో నంబరు మూలకం, లోహాలన్నిటిలోకి తేలికైనది, నీళ్ల మీద తేలుతుంది. అది ఎవరి చెలకలోంచి వస్తుందన్నది సిలబస్‌లో లేదు.

చెలక సంగతి చెప్పాలి. మాది కౌడిపల్లి వైపు ఒక పల్లె. మా నాయన భూమి పంచినప్పుడు తమ్ముడితో పాటు నాకూ ఒక మెట్ట చెలక రాశాడు. ఆడపిల్లకు భూమి ఎందుకని అడిగినవాళ్లతో, "నోరు బాగ ఉన్నది గదా, రేపు కొట్లాడనీకె జాగ ఉండాలె," అన్నాడట. నా చెలక, తమ్ముడి చెలక పక్కపక్కనే. మధ్యలో హద్దుగా గెట్టు. రెండింటినీ తమ్ముడే దున్ని, కందులూ మక్కలూ వేస్తాడు. నా వంతు కందిపప్పు నాకు వస్తుంది. మా చెలకల్లో తెల్లటి పలుగురాళ్లు ఎక్కువ. నాగలి నడవాలంటే వానల ముందు ఏటా ఏరి గెట్టు మీద వేయాలి. వేసేటప్పుడు ఎవరికి వారు అవతలి వైపుకే దొర్లేలా వేయడం మా ఊరి మర్యాద.

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం తమ్ముడు ఫోను చేసి, "అక్కా, మన రాళ్లల్ల లిథియం పడ్డది. జల్ది రా," అన్నాడు. నేను కరెంటు బండెక్కి పోయాను.

గెట్టు దగ్గర బొలెరో ఆగి ఉంది. తెల్ల చొక్కా వేసుకుని, మెడకు సెల్లు వేలాడేసుకున్న మనిషి ఒకడు రాళ్ల కుప్ప పక్కన నిలబడి ఉన్నాడు. హైదరాబాదు నుంచి వచ్చానన్నాడు. ఏ కంపెనీ అంటే, "పెద్ద కంపెనీ మేడం," అన్నాడు. సంగతి ఇది: మా ఇద్దరి చెలకలూ కలిపి తవ్వకానికి ఇవ్వాలి. రాయి గెట్టు కింది నుంచి ఇటూ అటూ పోయింది కాబట్టి ఒక్కరు ఒప్పుకుంటే లాభం లేదు, ఇద్దరూ సంతకం పెట్టాలి. పర్మిషన్లు ఆయనే చూసుకుంటాడు.

"టీవీల చూస్తలేరా మేడం? కరెంటు బండ్లు, బ్యాటరీలు, అన్నిటికీ గవర్నమెంటు సపోర్టు ఫుల్లుగ ఉన్నది. రేపు మీ ఊరే కువైట్ అయితది."

"కువైట్ల పప్పు పండదు గదా," అన్నాను.

"అక్కా, నువ్వు జర నోరు ఆపు. ముందుగాల చూడు," అని తమ్ముడు రెండు పలుగురాళ్లు చేతికి తీసుకున్నాడు. ఎండ మండిపోతోంది. ఆ ఎండలో గొంగడి తెప్పించి, నన్ను కూర్చోబెట్టి, తానూ కూర్చుని, ఇద్దరి నెత్తి మీదా కప్పాడు. లోపల చీకటి, గొర్రెల వాసన. తమ్ముడు రెండు రాళ్లనూ ఒకదానికొకటి గట్టిగా రాకాడు. రాళ్ల లోపల పచ్చటి వెలుగు పుట్టి ఆరిపోయింది.

"చూసినవా కరెంటు? ఇది బ్యాటరీ రాయి."

బయట నుంచి మా మరదలు గొంతు వినబడింది: "చలి పెడుతున్నదా వదినె? చాయ్ తెమ్మంటవా?"

నేను గొంగడి తీసి పారేశాను. పలుగురాయి ఏదైనా చీకట్లో రాకితే మెరుస్తుందని, చిన్నప్పుడు మంచం కింద దూరి మనమిద్దరం ఆడుకున్నది ఇదే ఆట కదా అని తమ్ముడికి గుర్తు చేశాను. అందులో లిథియం ఉందో లేదో లాబుకు పంపితే గాని తెలియదు, మెరుపుకూ దానికీ సంబంధం లేదు అన్నాను.

"గందుకే మేడం, మేము శాంపిల్ తీస్కపోతున్నం," అన్నాడు బొలెరో మనిషి చాలా వినయంగా. ఆయన మనుషులు అప్పటికే కుప్పలోంచి రాళ్లు ఎత్తుతున్నారు.

వాదనలో నేను ఓడిపోయే దాఖలాలు లేవు. రాయికి విలువ లేదని చెప్పాను, తవ్వితే మిగిలేది గుంత అని చెప్పాను. నాయన కందులు వేసిన మట్టి ఒకసారి లారీ ఎక్కితే మళ్లీ దిగదని కూడా చెప్పాను. తమ్ముడు తల వంచుకుని వింటున్నాడు. ఇంకో రెండు మాటలు చాలు, ఆ మనిషి బండి తిప్పుకుని పోయేవాడు. అంతలో ఒకడు గెట్టుకు నా వైపు దొర్లి ఉన్న రాళ్లను గంపకెత్తడం కనబడింది.

"ఆగుండ్రి. అండ్ల సగం నాయి," అన్నాను.

ఆ మాట నేను ఆలోచించి అన్నది కాదు. గెట్టు దగ్గర నిలబడ్డ మనిషి నోట్లోంచి దానంతటదే వస్తుంది. మా ఊళ్లో పుట్టినవాళ్లెవరైనా అదే అంటారు.

తమ్ముడు తలెత్తాడు. "రాయికి ఇలువ లేదంటివి. మల్ల సగం ఎందుకక్కా?"

కూలివాళ్లు నవ్వారు. బొలెరో మనిషి నవ్వలేదు. పనివాళ్లతో, "మేడంవి మేడం దిక్కు పెట్టుండ్రి," అన్నాడు మర్యాదగా. ఆ మర్యాదకే నా ఒళ్లు మండింది.

"అది గెట్టు లెక్క, వేరే," అన్నాను. "చెలక తవ్వుడు మాత్రం నేను ఒప్పుకోను."

"మరి నీ బండ్లె ఏమున్నది?" అన్నాడు తమ్ముడు, గెట్టు పక్కన నిలబెట్టిన నా స్కూటర్ వైపు చేయి చాచి. "గా లిథియం ఆకాశంల కెల్లి పడ్డదా? అది గూడ ఎవని నాయన చెలకనో తవ్వి తెచ్చిందే గదా. నీకు టాక్సు మాఫీ అయితె మంచి సర్కారు. నా రాయి అమ్ముడువోతె భూమి పాడయితది. నువ్వు చదువుకున్నదానివి, జెప్పు మరి."

నేను చెప్పాలి. బొలెరోను చూసి పోగైన ఊరివాళ్లందరూ దానికోసమే చూస్తున్నారు. నా నోటికి జవాబు దొరకని రోజు ఒకటి వస్తుందని మా ఆయన ఎన్నేళ్లుగానో ఎదురుచూస్తున్నాడు, పాపం, అప్పుడు ఆయన అక్కడ లేడు. ఎక్కడో తవ్విన దాన్ని నేను చూడలేదు కాబట్టి అది గుంత కాదా? ఈ మాట తమ్ముడు నన్ను అడగలేదు, నాకే తట్టింది. బయటికి మాత్రం, "అదీ ఇదీ ఒకటి కాదు," అన్నాను.

తమ్ముడికి ఊపు వచ్చింది. "ఒక మాట మీద నిలబడు అక్కా. నువ్వు గా బండి ఇడ్సిపెట్టు. నేను గీ రాయి ఇడ్సిపెడ్త. అందరి ముందల చెప్తున్న."

నేను బండి విడిచిపెట్టనని వాడికి గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని చూస్తే ఇంకా కోపం వచ్చింది. "సరే," అన్నాను. అన్నాక, వెనక సీటు గుర్తొచ్చింది.

మెదక్ వచ్చి బండి అమ్మకానికి పెట్టాను. బస్టాండు దగ్గరి మెకానిక్ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "కొత్తదే ట్యాక్సు లేకుంట వస్తుంటె పాతది ఎవరు తీస్కుంటరు మేడం? బ్యాటరీ ఎన్నొద్దులుంటదో దేవునికెరుక," అన్నాడు. మా కాలేజీ ఇంగ్లీషు మేడం చర్చి దగ్గరే ఉంటుంది, నడిచే కాలేజీకి వస్తుంది. ఆమెను అడిగితే, "దీని కోసం ప్రార్థన అయితె జేస్త గని కొనను," అంది. అంటే కొత్త బండ్లకు సర్కారు చేసిన సాయం నా పాత బండిని ఎవరికీ పనికిరాకుండా చేసింది. మా ఆయన మాత్రం తన బండిలో పెట్రోలు పోయించుకుని, వెనక సీటు తుడిచి పెట్టాడు. పర్యావరణం గురించి ఆయన ఆ వారమంతా ఏమీ మాట్లాడలేదు.

ఈలోగా బొలెరో మనిషి తమ్ముడికి రోజూ ఫోన్లు చేస్తున్నాడు. నేను మాట తప్పితే, సంతకం పెట్టనని మొండికేయడానికి నాకు మొహం ఉండదు. ఆ సంగతి నాకూ తెలుసు, తమ్ముడికీ తెలుసు.

చివరికి ఉపాయం చెప్పింది మా మరదలు. కౌడిపల్లిలో టైలరింగ్ షాపు పెట్టుకుని రోజూ ఆటో కోసం రోడ్డు మీద నిలబడే మనిషి ఆమె. ఫోనులో గొంతు తగ్గించి, "ఇడ్సిపెట్టుడంటె అమ్ముడేనా వదినె? ఇచ్చుడు గూడ ఇడ్సిపెట్టుడే గదా," అంది.

ఆ తర్వాతి ఆదివారం బండి తీసుకుపోయి వాళ్ల వాకిట్లో నిలబెట్టి, తాళాలు మరదలి చేతిలో పెట్టాను. తమ్ముడు మంచం మీది నుంచి లేచాడు.

"గిదేంది? బండి నా ఇంటికే వస్తె, నేను లిథియం వాడినట్టే గదా?"

"నువ్వెందుకు వాడుతవ్? నేను వాడుత," అంది మరదలు. "నీది రాయి, నాది బండి. అందరి ముందల అన్నవ్. మీ అక్క ఇడ్సిపెట్టింది. ఇగ నీ వంతు."

తమ్ముడు బండి దగ్గరికి వచ్చాడు. దాని అద్దం సరిచేశాడు. సీటు నొక్కి చూశాడు. తర్వాత, చార్జింగు వైరు బోరు మోటారు స్టార్టర్ దాకా అందుతుందా అని అడిగాడు. వ్యవసాయానికి కరెంటు ఉచితం కదా. పన్ను లేకుండా కొన్న బండి, బిల్లు లేని కరెంటుతో నడిచే రోజు వచ్చింది. ఇంటికి నేను పోయేది కూడా ఆడవాళ్లకు టికెట్టు లేని బస్సే. లెక్క చూస్తే ఈ పంచాయితీలో సర్కారు అందరి పక్షానా ఉంది.

తమ్ముడు బొలెరో మనిషికి ఫోను చేసి స్పీకరులో పెట్టాడు. "మా అక్క సంతకం పెట్టది సార్. నేను గూడ పెడ్తలేను," అన్నాడు. అవతలి మనిషి కోప్పడలేదు. లాబు రిపోర్టు సంగతి ఎత్తలేదు, మేమూ అడగలేదు. "పర్వాలేదు. గట్లాంటి తెల్ల రాయి ఇంకెవరి చెలకలల్ల ఉన్నదో జర చెప్పుండ్రి," అన్నాడు.

తమ్ముడు నా వైపు చూశాడు. శంకరంపేట దగ్గర మా చిన్నమ్మ వాళ్ల చెలకల్లో అంతకన్నా పెద్ద కుప్పలున్న సంగతి మాకిద్దరికీ తెలుసు.

"తెల్వదని చెప్పు," అన్నాను మెల్లగా.

"ఎందుకక్కా? దేశంల అందరికీ బండ్లు గావాలె గదా," అని తమ్ముడు ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు. "శంకరంపేట దిక్కు పోండ్రి సార్. అక్కడ మస్తు ఉన్నది."

ఇంకో రోజైతే నేను కొట్లాడేదాన్ని. చెప్పులు వేసుకుని, బస్సు కోసం రోడ్డు వైపు నడిచాను.