పాండురంగం విప్పని కోటు

పాండురంగం గొంతు గురించి ముందు చెప్పాలి. ఆ గొంతే లేకపోతే అతను జన్మంతా సూర్యాపేటలో వాళ్ళ నాన్న ధాన్యం దుకాణంలోనే ఉండిపోయేవాడు, నాకూ ఇదంతా చెప్పే పని ఉండేది కాదు. మా దిక్కు వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. పాండురంగం ‘లాభం’ అని కేకేస్తే బజారు చివర సైకిలు మీద పోయేవాడు కూడా కాలు ఆనించి వెనక్కి చూసేవాడు. మనిషి మాత్రం బక్కపలచన. మెట్రిక్ తప్పాడు, మళ్ళీ కట్టి మళ్ళీ తప్పాడు. ఒళ్ళంతటికీ ఇవ్వాల్సిన బలాన్ని దేవుడు గొంతులోనే పోసి పంపాడని వాళ్ళమ్మ సత్యమ్మ అనేది.

నేను చంద్రకళను, అదే ఊళ్ళో ఆడపిల్లల బడిలో పంతులమ్మను. మా ఇద్దరినీ ఒకచోట చేర్చింది న్యాయబోధిని. వకీలు జగన్మోహన్ గారు అరవై ఒకటిలో పెట్టిన సంఘం అది. కొత్త కొత్త చట్టాలు వచ్చాయి గానీ అవి ఎవరి కోసం వచ్చాయో వాళ్ళకే తెలియదు, ఇదీ ఆయన బాధ. పాత బస్టాండు వెనక మేడ మీద ఒక గది, అందులో రెండు బల్లలు, సెలవు రోజుల్లో జీతం లేకుండా పనిచేసే మేం కొందరం, అంతే సంఘం. మొదట్లో ఊళ్ళకు పోయి ఉపన్యాసాలు ఇచ్చాం. జనం ఆవలించారు. నిజం చెప్పొద్దూ, నేనూ ఆవలించాను.

అప్పుడు వకీలు గారికి ఉత్తుత్తి కోర్టు ఆలోచన తట్టింది. ఊరి నడుమ ఒక బల్ల, దాని వెనక జడ్జి, నులకమంచాన్ని నిలువుగా నిలబెడితే బోను. వాది, ప్రతివాది, సాక్షి అందరూ సంఘం వాళ్ళే. ఏ ఊరికి పోతే ఆ ఊరి బతుకే కథ. మిర్యాలగూడలో మిల్లు హమాలీ చెయ్యి విరిగిన కథ ఆడాం, మఠంపల్లిలో కౌలు పొలం కథ ఆడాం. చూసేవాళ్ళు మధ్యలో లేచి ప్రశ్నలు వేయవచ్చు, మాతో పోట్లాడవచ్చు కూడా. చివరికి చట్టం ఏం చెబుతుందో జడ్జి అదే తీర్పుగా చెబుతాడు. భర్త పోయిన ఆడమనిషి వేషం నాది. పెళ్ళికాని పిల్ల బొట్టు తీసేసి ఊళ్ళమీద తిరగడమేమిటని మా అమ్మ కోపగించుకుని చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఇంట్లో అంత ప్రశాంతత ఎప్పుడూ ఎరగను కాబట్టి నేనూ బతిమాలుకోలేదు.

జడ్జి వేషానికి మాత్రం మనిషి దొరకలేదు. వకీళ్ళను అడిగితే, రేపు అసలు జడ్జి ముందు తల ఎట్లా ఎత్తుకోవాలని జారుకున్నారు. ఒకనాడు జగన్మోహన్ గారింటికి బియ్యం బస్తా వేయించడానికి పాండురంగం వచ్చాడు. వాకిట్లో నిలబడి హమాలీతో “జర పక్కకు జరుగవయ్యా” అన్నాడు. లోపల రాసుకుంటున్న వకీలు గారు తననే అన్నారేమోనని కుర్చీ పక్కకు జరుపుకున్నారు. ఆ సాయంత్రానికే పాండురంగం మాకు జడ్జి అయ్యాడు.

వకీలు గారు తన పాత నల్లకోటు ఇచ్చారు. చేతులు పొట్టి, ఒక గుండీ వేరే రంగు. అయినా కొత్త పెళ్ళికొడుకు కూడా తన పట్టుబట్టలను అంత మురిపెంగా చూసుకోడు. బస్సులో దాన్ని మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. మొదటి ఆట కోదాడలో. మొదటి సాక్షిని పిలవమంటే అలవాటు కొద్దీ ‘లాభం’ అని పిలిచాడు. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. ఆట అయ్యాక ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, “కోర్టుకెళ్తే లాభం కూడా ఉంటదని ఇయ్యాలే విన్నానండీ” అన్నాడు. పాండురంగం ఆ మాట నెలల తరబడి అందరికీ తనే చెప్పి నవ్వేవాడు.

సంఘానికి ఒక కట్టుబాటు ఉండేది. ఆట అయిపోగానే జడ్జి అందరి ముందూ లేచి కోటు విప్పాలి. విప్పి, “నేను జడ్జిని కాదు, సూర్యాపేట ధాన్యం దుకాణం పాండురంగాన్ని. తీర్పు ఉత్తది, చట్టం నిజం” అని చెప్పాలి. నల్లకోటు వేసుకున్నవాడు ఏం చెప్పినా సర్కారు చెప్పినట్టే అనుకునే రోజులవి. అందుకని ఈ జాగ్రత్త. పాండురంగం ప్రతి ఊళ్ళోనూ ఆ మాట చెప్పాడు, ఒక్క ఊళ్ళో తప్ప.

అది తిరుమలగిరి అవతల మెట్ట నేలల్లో గొర్రెల కాపరుల ఊరు. అరవై నాలుగులో అక్కడికి పోయాం. ఊరికి తగ్గట్టు మంద కథ కట్టాం. అన్నదమ్ములు కలిసి మేపుకునే మంద ఉంది, తమ్ముడు పోయాడు, అతని భార్యకూ కూతురికీ ఏం రావాలి? ఆ దిక్కు ఆనవాయితీ ప్రకారం మగపిల్లవాడు లేకపోతే మందంతా బావగారిదే, ఆమెకు తిండీ బట్టా పెడతారు. యాభై ఆరులో వచ్చిన చట్టం ప్రకారం తమ్ముడి సగం అతని భార్యాబిడ్డలది. నేను మంచం బోనులో నిలబడి, జడ్జి కళ్ళలోకి చూస్తూ, నా పేరు, నా భర్త పేరు, నాకు రావాల్సింది ఏమిటో గట్టిగా చెప్పాను. కోర్టులో ఏడవకూడదు, చెప్పాలి అన్నది మేం నేర్పే మొదటి పాఠం. పాండురంగం గొంతు సవరించుకున్నాడు. “చనిపోయినవాని సగం మంద ఆయన భార్యకు, బిడ్డకు చెందుతది. వేరు చేసి ఇయ్యాలె” అన్నాడు. ఆ గొంతుకు దొడ్లో గొర్రెలు కూడా అరవడం ఆపాయేమో అనిపించింది.

ఊరిపెద్ద రామనర్సయ్య వెంటనే బంతిపూల దండ తెచ్చి జడ్జి మెడలో వేశాడు. కోటు విప్పాలంటే ముందు దండ తీయాలి. జన్మలో మొదటిసారి మెడలో పడ్డ దండను తీయడానికి పాండురంగానికి మనసొప్పలేదు. అంతలో అన్నానికి లేవమన్నారు, అన్నం తింటుండగానే బస్సు వచ్చిందన్నారు. ఆ దండతో, ఆ కోటుతో సూర్యాపేటలో దిగాడు.

నెల తిరక్కముందే ఒక ఆదివారం పొద్దున, వీరమ్మ అనే ఆవిడ చంకలో గొర్రెపిల్లతో మా గది మెట్లెక్కి వచ్చింది. పాండురంగాన్ని చూడగానే గొర్రెపిల్లను అతని చేతుల్లో పెట్టింది.

“నువ్వు సెప్పినట్టే అయింది జడ్జి సాబ్. నా పెనిమిటి కాటయ్య సచ్చిపోయినంక మంద మొత్తం మా బావ అయిలన్న కిందనే ఉండె. నువ్వు సెప్పిపోయినంక తెల్లారే సగం వేరు జేసిండు. సర్కారు మాటకు అడ్డం పోతే జైలుల ఏస్తరని భయపడ్డడు. నా గొర్లకు సెవికోత గూడ వేరే ఏయించిండు. నేను, నా బిడ్డ మేపుకుంటున్నం. ఈ పిల్ల నీకు.”

ఏ గొర్రె ఎవరిదో తెలియడానికి కాపరులు చెవికి గాటు పెడతారు. ఒక్కో ఇంటిది ఒక్కో తీరు కోత. మేం ఊహించి కట్టిన కథ ఆ ఊళ్ళో నిజంగానే నడుస్తోందని మాకు తెలియదు.  పాండురంగం గొర్రెపిల్లను ఎత్తుకునే మమ్మల్ని వసారాలోకి పిలిచాడు.

“పోనీయ్ పాండురంగం, జరిగింది న్యాయమే గద. మనం ఊకుంటే ఎవరికీ నష్టం లేదు” అన్నారు వకీలు గారు. ఇప్పుడు కెలికితే ఆమె మంద పోతుందని నేనూ గట్టిగానే అన్నాను.

“మనం ఊరూరు తిరిగి చెప్పేది ఏంది పంతులమ్మా? చట్టం ఎరిగి నడుచుకోమని. నా కోటును చూసి నడుచుకోమని కాదు గద” అన్నాడు పాండురంగం. “ఇయ్యాల అయిలన్న నా కోటుకు భయపడ్డడు. రేపు ఇంకొకడు ఇంకో కోటేసుకొని పోయి, గొర్లు వాపస్ ఇయ్యమంటే ఈమె ఇస్తది. అప్పుడు ఏం జేస్తం?”

 అతను లోపలికి పోయి వీరమ్మ ముందు కింద కూర్చున్నాడు.

“అమ్మా, నేను జడ్జిని కాదు. నాది ధాన్యం దుకాణం. ఆనాడు కోటు విప్పి ఆ ముచ్చట చెప్పాలె, చెప్పలేదు. తప్పు నాదే.”

వీరమ్మ అతని చేతుల్లోని గొర్రెపిల్లను చూసింది. “అయితే గొర్లు నావి కావా?”

“గొర్లు నీవే. తీర్పు ఉత్తది, చట్టం నిజం.”

“గా మాట మా బావకు నువ్వే వచ్చి సెప్పు” అంది. అతని చేతుల్లోంచి గొర్రెపిల్లను తీసుకుని మెట్లు దిగిపోయింది.

మరుసటి ఆదివారం పోయాం. ఊరంతా చూస్తుండగా పాండురంగం కోటు వేసుకుని, విప్పి, మడిచి బల్ల మీద పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాడు. అయిలన్నకు అవమానంతో ఒళ్ళు మండిపోయింది.

“ఒడ్లు కొలిసెటాయన మాట ఇని నా మందను పంచిన్నా?” అన్నాడు. పోయి వీరమ్మ దొడ్డి కంప లాగేసి, ఆమె గొర్రెలను తన మందలోకి తోలేశాడు.

చట్టం చెప్పేదీ అదే, మీ తమ్ముడి సగం ఆమెదేనని జగన్మోహన్ గారు ఎంత చెప్పినా వినలేదు. వకీలూ అబద్ధమే, చట్టమూ అబద్ధమే అన్నాడు. వీరమ్మ అడ్డం పోలేదు. బిడ్డ చెయ్యి పట్టుకుని నిలబడి, “కలుపుకో బావా. అసలు కోర్టుకు పోతం. గాడ ఎట్ల నిలబడాల్నో, ఏం సెప్పాల్నో నాకెరికే” అంది. పాండురంగం వైపు మాత్రం చూడలేదు. నిజం చెబితే మనసు తేలికపడుతుందని ఎవరన్నా అంటే నాకు మండుకొస్తుంది. ఆ రోజు ఊరి బయట బస్సు కోసం నిలబడి పాండురంగం చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

వకీలు గారు ఫీజు లేకుండా సూర్యాపేట మున్సిఫ్ కోర్టులో దావా వేశారు. అది తెమలడానికి రెండు ఎండాకాలాలు పట్టింది. అంతకాలం వీరమ్మ, బిడ్డ కూలికి పోయి బతికారు. పాండురంగం తిరుమలగిరి బస్సులో బియ్యం పంపితే అదే బస్సులో వెనక్కి వచ్చాయి. దుకాణంలో అతను ‘లాభం’ అంటుంటే పక్క కొట్టువాడికి కూడా వినపడటం లేదని సత్యమ్మ బెంగపడింది. అటు అయిలన్నకూ సుఖం లేదు. ఆ గొర్రెలను అంగడికి తోలుకుపోతే చెవి పట్టి చూసి, “ఇది వీరమ్మ కోత గద” అని కొనేవాళ్ళు వదిలేసేవారు. మందలు కలిపాడు గానీ చెవులను ఏం చేయగలడు?

కోర్టులో పాండురంగం సాక్షి. అవతలి వకీలు, “మీరు జడ్జి వేషం వేసి ఊరిని మోసం చేసినారా?” అని అడిగాడు. పాండురంగం ఏదో అన్నాడు. జడ్జి గారు జర గట్టిగా చెప్పమన్నారు. ఆ గొంతును గట్టిగా చెప్పమన్న మనిషిని నేను అప్పుడే చూశాను. “వేషం వేసిన. కోటు విప్పలేదు. తప్పే” అన్నాడు. వెనక ఎవరో నవ్వారు, నేను తిరిగి చూస్తే తల దించుకున్నారు.

తర్వాత వీరమ్మ బోనెక్కింది. జడ్జి కళ్ళలోకి చూస్తూ తన పేరు, భర్త పేరు, తనకు రావాల్సింది ఏమిటో చెప్పింది. ఏడవలేదు. అట్లా నిలబడటం నేనే నేర్పానని గర్వపడ్డాను గానీ, నేను ఏనాడూ అంత బాగా నిలబడలేదు.

అసలు జడ్జి ఇచ్చిన తీర్పూ పాండురంగం ఇచ్చిందే. చనిపోయినవాడి సగం భార్యాబిడ్డలకు. పంపకం దగ్గర పేచీ పడటానికి కూడా ఏమీ మిగల్లేదు, పాత గొర్రెలు ఎవరివో చెవులే చెప్పాయి, పుట్టిన పిల్లలు తల్లుల వెంట నడిచాయి.

పాండురంగం అప్పటికే జడ్జి వేషం మానేశాడు. కోటు మా గదిలో మేకుకు వేలాడుతోంది. తీర్పు వచ్చిన కొద్ది రోజులకు వీరమ్మ మళ్ళీ మెట్లెక్కి వచ్చింది. మేకు మీది కోటు తీసి, దుమ్ము దులిపి అతనికి అందించింది.

“ఎయ్యి సేటు. ఇప్పేది నేను సూసుకుంట” అంది.

ఆ తర్వాత ఆ చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఆట ఆడినా వీరమ్మ వచ్చేది. తీర్పు కాగానే ముందుకు నడిచి తన చేత్తో జడ్జి కోటు విప్పేది. మిర్యాలగూడ, కోదాడ దిక్కు పోయినప్పుడు జనంలోంచి ఒకరిని పిలిచి విప్పించేవాళ్ళం. జడ్జి తనంతట తాను విప్పుకునే పద్ధతి సంఘంలో అట్లా పోయింది. పాండురంగం ఇంకో పదేళ్ళకు పైగా ఎన్ని ఊళ్ళు తిరిగాడో, ఎంతమందికి చట్టం చెప్పాడో లెక్క పెట్టినవాళ్ళు లేరు.

డెబ్బై ఏడులో గుండె ఆగి పోయాడు. దుకాణం ముందు పడుకోబెట్టారు. గౌరవంగా ఉంటుందని సంఘం వాళ్ళం ఆ నల్లకోటు తెచ్చి మీద కప్పాం. వకీళ్ళు వచ్చారు, మిల్లుల హమాలీలు వచ్చారు. “జడ్జి గారు పోయినారు” అనుకుంటూ దండాలు పెట్టారు. మధ్యాహ్నం బస్సుకు వీరమ్మ, బిడ్డ వచ్చారు. వీరమ్మ జుట్టు నెరిసిపోయింది. కాళ్ళ దగ్గర కూర్చుని గుండెలు బాదుకుని ఏడ్చింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, లేచి, అతని మీది కోటు తీసి మడిచి నా చేతుల్లో పెట్టింది. చుట్టాలు విస్తుపోయి చూశారు. ఆమె బోనులో నిలబడ్డట్టు నిలబడింది.

“ఈయన జడ్జి కాదు. ధాన్యం దుకాణం పాండురంగం” అంది. “నా గొర్లు పోతయని ఎరికుండి గూడ నాకు నిజం సెప్పిండు.”

పొద్దుటి నుంచి రాని ఏడుపు నాకు అప్పుడు వచ్చింది.