తల లేని కాగితం

"నా పేరు మాత్రం ఎక్కడా రాకూడదు మనాంగ్. రాసిపెడతాను, దిద్దిపెడతాను, ప్రతులు కూడా నేనే తీయిస్తాను. పేరు మాత్రం వద్దు. ఇంట్లో చంటిది ఉంది."

బజారంతా మనాంగ్, అంటే అక్కా, అని పిలిచే ఉర్బానా గరిటె ఆపలేదు. జాడీలోంచి ఊదారంగు రొయ్యల ముద్ద తీసి, చిన్న ప్లాస్టిక్ సంచిలోకి జార్చి, మూతి మెలితిప్పి ముడేసి, ఎదురుగా నిలబడ్డావిడ చేతిలో పెట్టింది. అప్పుడు గాని డెల్ఫిన్ వైపు చూడలేదు. అతన్ని తోతో అంటుంది ఆవిడ, తమ్ముడూ అన్నట్టు.

"నీ పేరెవడిక్కావాలి తోతో? నాక్కావలసింది నీ ఇంగ్లీషు. పేరు నాదే పెడదాం. పీకెయ్యడానికి నాకేమన్నా ఉద్యోగం ఉందా?"

డెల్ఫిన్‌కి ఉంది. సాన్ ఇనోసెన్సియో మునిసిపాలిటీ వారి నీళ్ళ ల్యాబులో, కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఎంత ఉందో, క్రిములేమన్నా ఉన్నాయో చూసే పని. చదివింది కెమిస్ట్రీ. ఆర్నెల్లకోసారి కాంట్రాక్టు మీద మేయరు ఆఫీసు ముద్ర పడితేనే మళ్ళీ ఆర్నెల్లు అన్నం. పాప పుట్టాక ఆ ఆర్నెల్లు మరీ పొట్టివైపోయాయి. పాప తుమ్మితే ముందు న్యుమోనియా గుర్తొస్తుంది, ఆ వెంటనే కాంట్రాక్టు.

ఈ గొడవంతా తెచ్చిపెట్టిన కాగితం బజారు మధ్య స్తంభానికి అంటించి ఉంది. పన్నుల ఆఫీసు వారి కొత్త నియమం ముసాయిదా. బజారులో ఎంత చిన్న వ్యాపారి అయినా సరే, ప్రతి అమ్మకానికీ అచ్చు రసీదు ఇవ్వాలి. దాని మీద కొన్నవాళ్ళ పేరు, చిరునామా ఉండాలి. రెండో ప్రతులన్నీ కట్టలు కట్టి మూణ్ణెల్లకోసారి జిల్లా ఆఫీసుకి పంపాలి. పంపినట్టు వాళ్ళిచ్చే ధ్రువపత్రం లేకపోతే జనవరిలో కొట్టు లైసెన్సు తిరగరాయరు. అడుగున, ఈ నియమం వల్ల వ్యాపారులకు కలిగే శ్రమ అత్యల్పమని ఒక వాక్యం. దాని కింద, ప్రజలు తమ అభిప్రాయాలు తెలియజేయవలసిందిగా ఆహ్వానం.

ఉర్బానా కొట్లో సీసాడు వెనిగర్ కొనేవాళ్ళు ఎవరూ ఉండరు. గిద్దెడు నూనె, చారెడు ఉప్పు, ఒక్కపూట పులుసుకి సరిపడా రొయ్యల ముద్ద, ఐదు పెసోలకి మిరపకాయలు వేసిన వెనిగర్. పొద్దున కూలి దొరికితే పొద్దున కొంటారు, సాయంత్రం దొరికితే సాయంత్రం. గరిటెడు నూనె కొన్నవాడి ఇంటి నంబరు రాసుకోవాలట. వాళ్ళలో సగంమంది ఇళ్ళకి నంబర్లే లేవు.

ఆవిడ తండ్రి కొబ్బరిచెట్లెక్కి కల్లు గీసేవాడు. అమ్ముడుపోని కల్లు పులిస్తే వెనిగర్ అయ్యేది, దాన్ని అమ్మిరమ్మని కూతుర్ని తరిమేవాడు. అలా బజారుకి వచ్చిన పిల్ల మరి వెనక్కి పోలేదు. పెళ్ళాడినవాడు జనాన్ని ఎక్కించుకు తిరిగే జీప్నీ బండి నడిపేవాడు. ఒకనాడు జీప్నీతో సహా పడవెక్కి అవతలి దీవికి వెళ్ళాడు. కొన్నాళ్ళకి జీప్నీ ఒక్కటే తిరిగొచ్చింది. "రెండింట్లో మంచిదే వెనక్కొచ్చింది," అంటుంది ఉర్బానా. దాన్ని అమ్మి, చేపల వరస చివర, మురిక్కాలవ పక్కన ఈ కొట్టు హక్కు కొనుక్కుంది. అక్కచెల్లెళ్ళ పిల్లలిద్దరు ఈ కొట్టు మీదే చదువుకున్నారు. అలాగని ఆవిడ దేవతేమీ కాదు. కొలిచేటప్పుడు బొటనవేలు గరిటెలోనే ఉంటుందని బజారంతా ఎరుగుదురు. అడిగితే, "వేలికి కూడా రుచుంటుంది, దానికి డబ్బులు తీసుకోవడం లేదు కదా," అంటుంది.

ఇప్పుడు ఆ కొట్టు జనవరి దాటుతుందా లేదా అన్నదే ఆవిడ బెంగ.

అభిప్రాయం చెప్పడానికీ ఒక ఫారం ఉంది. అది మూడు ప్రతులు, ఇంగ్లీషులో, నోటరీ ముద్రతో. కాగితాలు ఎక్కువైపోతున్నాయని మొరపెట్టుకోవడానికి మూడు కాగితాలు. అది చూసినప్పుడే డెల్ఫిన్‌కి నాలిక మీద చేదు తగిలింది. అయినా కొట్టు వెనక జాడీల మధ్య ముక్కాలిపీట మీద కూర్చుని పెన్ను తీశాడు.

"రాయి," అంది ఉర్బానా. "మీరంతా దొంగలు."

"అలా రాయకూడదు మనాంగ్."

"అయితే మీలో కొందరు అని రాయి."

పక్క కొట్టు పోర్ఫిరియో చేప పొలుసులు గీకుతూ పగలబడి నవ్వాడు. "ఎవరెవరో పేర్లు కూడా రాయమను మనాంగ్, ఫారంలో చోటు చాలదు!"

"నువ్వు నోర్మూసుకుని గీకు. నిన్నటి చేపని ఇవాళ్టిదని అమ్మేవాడివి, నువ్వూ ఆ జాబితాలోవాడివే."

నవ్వులయ్యాక ఆవిడ తన రెండు చేతులూ అతని ముందు చాపింది. ఉప్పునీళ్ళకి నాని, తెల్లబడి, ముడతలు పడ్డ చేతులు. "ఇవి పొద్దస్తమానం తడిగానే ఉంటాయి. ఈ చేతుల్తో రసీదు ముట్టుకుంటే అది ముద్దయిపోతుంది. అది రాయి ముందు." డెల్ఫిన్ అదే ముందు రాశాడు. ఏడాదికి ఎన్ని రసీదులవుతాయో, అచ్చుకి ఎంతవుతుందో కూడా లెక్కకట్టి చేర్చాడు. అడుగున ఉర్బానా తన పేరు పెద్ద అక్షరాలతో పెట్టింది. అతని పేరు ఎక్కడా లేదు. రెండుసార్లు చూసుకున్నాడు.

సంప్రదింపుల సభ బాస్కెట్‌బాల్ కోర్టులో పెట్టారు. వేదిక వెనక "మీ గొంతే మాకు దారి" అని బేనరు. డెల్ఫిన్ పాపని గుడ్డతో గుండెకి కట్టుకుని, ఉర్బానాకి తోడుగా వచ్చాడు. గుమ్మం దగ్గర బల్ల, బల్ల మీద రొట్టె పొట్లాలు, జ్యూసు డబ్బాలు, పొడుగాటి కాగితం. ఈ ఊళ్ళో ఏ మీటింగుకి వెళ్ళినా ఇంతే. సంతకం పెట్టాలి, పొట్లం తీసుకోవాలి. ఎవరూ ఆలోచించరు. డెల్ఫిన్ కూడా ఆలోచించలేదు. పాప ఏడుపు అందుకునేలా ఉంది, వెనక వరస తోస్తోంది. చక్కటి అక్షరాలతో సంతకం గీసి రొట్టె తీసుకున్నాడు.

ఉర్బానా పెన్ను పట్టుకోలేదు. "దీని పైన ఏమీ లేదేంటమ్మా?"

"రొట్టెలు తీసుకున్నవాళ్ళ పేర్లు మనాంగ్," అంది బల్ల దగ్గరి అమ్మాయి.

"అయితే పైన రొట్టెలు అని రాయి. పెడతా."

"హెడ్డింగు తర్వాత టైపు చేస్తారు మనాంగ్."

"మరైతే నేనూ తర్వాతే పెడతాలే."

"రొట్టె రాదు మరి!"

"రాకపోతే పోయింది. ఉదయం అన్నం తినే వచ్చా."

వెనకున్న పోర్ఫిరియో వంగి ఒకటికి రెండు సంతకాలు పెట్టాడు. "మనాంగ్ వంతు కూడా నేనే తింటా."

ప్రార్థన అయింది. జాతీయగీతం అయింది. బడిపిల్లల నృత్యం అయింది. అతిథులకి పూలదండలయ్యాయి. పన్నుల ఆఫీసు నుంచి వచ్చిన సర్ ఎవారిస్తో మైకు పట్టుకుని, మీరు మాకు భాగస్వాములు, మీ కష్టం మా కష్టం అన్నాడు. ఆయన వెనక రెండు ఫ్యాన్లు ఆయన కోసమే తిరుగుతున్నాయి. డెల్ఫిన్ రొట్టె విప్పాడు. లోపల పూసిన మయొనేజు పులిసి పసుపురంగుకి తిరిగింది. వాసన చూసి మళ్ళీ చుట్టేశాడు. నీళ్ళలో ఇంతకన్నా తక్కువ పాడైనవాటికే ఎర్ర చీటీ అంటిస్తాడు అతను.

చివర్లో అభిప్రాయాలకి మిగిలింది ఫోటోలు తీసుకునేంత సమయమే. ఉర్బానా లేచి తన ఫారం అందించింది. రొయ్యల వాసన కాబోలు, ఆయన దాన్ని రెండు వేళ్ళ కొసలతో పట్టుకున్నాడు. "మీ అభిప్రాయాన్ని గౌరవిస్తున్నాం మేడమ్." ఆవిడ మైకు దగ్గరికి వంగి, "సర్, తడి చేతుల్తో..." అనేలోపు ఫోటోకి రమ్మని ఎవరో పిలిచారు. ఆయన నవ్వు అప్పటికే కెమెరా వైపు తిరిగింది.

తిరిగొస్తూ డెల్ఫిన్ అడిగాడు. "ఒక్క రొట్టె సంతకానికి అంత పంతమెందుకు మనాంగ్?"

ఉర్బానా రోడ్డు పక్కన ఉమ్మింది. "పెద్ద తుఫానప్పుడు నా ఇంటి కప్పు ఎగిరిపోయింది. వానలో వరస కట్టించి, పైన ఏమీ లేని కాగితం మీద సంతకం పెట్టించుకుని, ఒక పొట్లం బియ్యం చేతిలో పెట్టారు. నెలయ్యాక కప్పు రేకులిస్తారట అని వెళ్ళా. 'మీకిచ్చేశాం కదా, ఇదిగో సంతకం' అన్నారు. ఆ వానాకాలమంతా టార్పాలిను కింద పడుకున్నా. ఎవడి ఇంటి మీద ఉన్నాయో నా రేకులు."

ఆ మాటకి డెల్ఫిన్ తన సంతకం గురించి ఆలోచించాల్సింది. పాపకి పాలవేళ అయిందని కంగారులో ఇంటికి నడిచాడు.

పక్షం తిరిగాక స్తంభం మీద కొత్త కాగితం వెలిసింది. జనం మూగారు. సభకి హాజరైన వ్యాపారులందరూ నియమానికి ఏకగ్రీవంగా, హర్షధ్వానాల మధ్య సమ్మతి తెలిపారని ఉంది. రుజువుగా కింద సంతకాల నకలు. పైన నీటుగా టైపు చేసిన హెడ్డింగు: "సమ్మతించినవారు."

డెల్ఫిన్ పేరు పై వరసలోనే ఉంది. అందరి గీతల మధ్య అతని చక్కటి చేతిరాతే ముందు కంటబడుతోంది. అతను వ్యాపారి కూడా కాదు.

"నావి రెండున్నాయి చూడండి," అన్నాడు పోర్ఫిరియో. "అందరికన్నా నేను డబుల్ సమ్మతి." ఎవరో నవ్వారు, ఆ నవ్వు మధ్యలోనే చచ్చిపోయింది.

ఉర్బానా పేరు ఎక్కడా లేదు. ఆవిడిచ్చిన అభిప్రాయం ఊసు కూడా లేదు. ఆవిడ కాగితమంతా చదివించుకుని విన్నది, తర్వాత డెల్ఫిన్ వైపు చూసింది. "నీ పేరు ఎక్కడా రాకూడదన్నావుగా తోతో."

కొట్టులోకి వెళ్ళి జాడీల మీద మూతలు పెట్టడం మొదలెట్టింది. ఇంకా పొద్దున్నే. బేరాలు మొదలైన వేళ. ఆ మూతల చప్పుడుకి డెల్ఫిన్ మళ్ళీ స్తంభం వైపు తిరిగాడు. ఆవిడ వైపు పెట్టడానికి భయపడి తను దాచుకున్న పేరుని, వాళ్ళు ఒక పాడైపోయిన రొట్టె ఇచ్చి లాక్కుని ఆవిడకే ఎదురు పెట్టారు. కాంట్రాక్టు గుర్తొచ్చింది. పాలడబ్బా గుర్తొచ్చింది. పెన్ను కోసం చెయ్యి జేబులోకి వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళింది.

తన సంతకం పక్కన, అందరికీ అర్థమయ్యే ఊరి భాషలో రాశాడు: "ఇది రొట్టెకి పెట్టిన సంతకం. నియమానికి కాదు." కింద మళ్ళీ సంతకం పెట్టాడు. ఈసారి రాత అంత అందంగా రాలేదు.

"ఆ పెన్నిలా విసురు," అన్నాడు పోర్ఫిరియో. పొలుసులు అంటిన చేత్తో రాశాడు: "నావి రెండు రొట్టెలకి." తర్వాత కూరగాయల వరస వచ్చింది, మాంసం వరస వచ్చింది. ఒకావిడ జ్యూసుకి అని రాసింది. ఇంకెవరో "రొట్టెలో మాంసం లేదు" అని రాశారు. మధ్యాహ్నానికి కాగితం చేప నీళ్ళతో తడిసి, పొలుసులు మెరుస్తూ వేలాడుతోంది. దాని ఫోటో ఊరి ఫోన్లన్నిట్లోకీ పాకింది. మర్నాడు పట్నం రేడియోలో ఒకాయన ఆ వాక్యాలన్నీ గొంతు మార్చి మార్చి చదివాడు.

ఆ మధ్యాహ్నమే సర్ ఎవారిస్తో స్వయంగా వచ్చాడు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని స్తంభం ముందు నిలబడ్డాడు. అప్పటికీ నవ్వు మాత్రం మొహం మీదే ఉంది. "ఎవరు మొదలుపెట్టారిది?"

డెల్ఫిన్ తన సంతకం వైపు చూశాడు. ఉర్బానా నిన్న పెట్టిన జాడీ మూత మళ్ళీ తీస్తూ అంది: "రొట్టె మీరే మొదలుపెట్టారు సర్."

ఆయన కాగితం చింపి తీసుకెళ్ళాడు. ఆ తర్వాతి వారం ఇంకో కాగితం: సాంకేతిక లోపం కారణంగా సంప్రదింపులు మళ్ళీ జరుగుతాయి, అంతదాకా పాత పద్ధతే. ఎవరి తప్పో లేదు, క్షమించండి అన్న మాట లేదు. అడుగున మాత్రం, ఈసారి అన్నం పొట్లాలు ఇవ్వబడును అని లావు అక్షరాలతో ఉంది. అది చదివి డెల్ఫిన్‌కి ఆ పులిసిన మయొనేజు వాసన మళ్ళీ ముక్కుకి కొట్టింది.

జనవరిలో ఉర్బానా లైసెన్సు పాత పద్ధతిలోనే తిరగరాశారు. ప్లాస్టిక్ తొడుగులో పెట్టి జాడీల పైన వేలాడదీసుకుంది. డెల్ఫిన్ కాంట్రాక్టు ఆలస్యంగా వచ్చింది, ఆర్నెల్లకి బదులు మూణ్ణెల్లకి. కారణం ఎవరూ చెప్పలేదు.

ఆ కబురు విన్నరోజు ఉర్బానా అతని సంచిలో అడిగినదానికన్నా ఎక్కువ వెనిగర్ పోసింది, బొటనవేలు బయట పెట్టి మరీ. "పోర్ఫిరియో దగ్గర తల కోసేసిన చేప ఎప్పుడన్నా కొన్నావా తోతో?"

"లేదు మనాంగ్. మొప్పలు చూడందే ఎలా కొంటాను?"

"కాగితం కూడా అంతే. తల ఎక్కడుందో చూడు. మడతలో ఉంటే విప్పించు. అసలే లేకపోతే పెన్ను మూసి జేబులో పెట్టుకో. వెనకవాళ్ళు తిడతారు, తిట్టనీ."

మొన్న ఆరోగ్యకేంద్రంలో పాపకి తట్టు టీకా వేయించేటప్పుడు నర్సు క్లిప్పుకి పెట్టిన కాగితం జరిపి, సంతకం చోటు వేలితో చూపించింది. డెల్ఫిన్ క్లిప్పు తీశాడు. పైన మడిచి ఉన్న భాగం విప్పి, మొదటి మాట నుంచి చదవసాగాడు. ఒళ్ళో పాప కాళ్ళు తన్నుకుంటోంది. వెనక వరసలో ఎవరో "ఏంటయ్యా, పరీక్షకి చదువుతున్నావా?" అన్నారు. అతను చివరిదాకా చదివాకే పెన్ను మూత తీశాడు.