పిన్ని లాప్‌టాప్‌లో రెండో డిస్కు

మా పిన్నిది ఉడుంపట్టు. ఆమె పనిచేసే ఆసుపత్రిలో ఈ మాట చాటుగా కాదు, ముఖం మీదే అంటారు. పిన్ని నవ్వి ఊరుకుంటుంది.

ఆమె మాట నేర్పే మనిషి. పక్షవాతం వచ్చి నాలుక తిరగనివాళ్లకు, నత్తివాళ్లకు మాట సరిచేస్తుంది. అంతకన్నా ప్రాణం పెట్టి చేసే పని ఇంకొకటి ఉంది. గొంతు కేన్సర్ వల్ల స్వరపేటిక తీసేయాల్సి వచ్చినవాళ్లను ఆపరేషన్‌కు ముందే కూర్చోబెట్టి, వాళ్ల మాటలు రికార్డు చేస్తుంది. "మంచినీళ్లివ్వు", "నువ్వు తిన్నావా", "ఫ్యాన్ తగ్గించు" లాంటి రోజువారీ మాటలే. తర్వాత వాళ్లు ఫోన్‌లో బటన్ నొక్కితే సొంత గొంతే పలుకుతుంది. ఈ పని ఆమెకు ఎవరూ అప్పగించలేదు. లాప్‌టాప్ కూడా ఆమెదే. ఏదో ఆఫీసువాళ్లు వాడి అమ్మేసిన నల్లటి, బరువైన మిషను.

నిరుడు అందులో డిస్కు నిండిపోయింది. పిన్ని బయటి డిస్కు ఒకటి తీగతో తగిలించి పని కానిచ్చింది. ఒకరోజు రిటైరైన లెక్కల మాస్టారు అరగంట సేపు ఓపిగ్గా మాట్లాడి, కాలు మీద కాలు వేసుకోబోయారు. తీగ కాలికి తగిలి ఊడింది. మళ్లీ తగిలించాక తెర మీద ఫైలు పేరు కనిపించింది కాబట్టి, అంతా ఉందనే అనుకున్నారు. నాలుగు రోజుల తర్వాత చూస్తే ఆ ఫైలు తెరుచుకోలేదు. అప్పటికే ఆపరేషన్ అయిపోయింది. పిన్ని వెళ్లి సంగతి చెబితే, ఆయన కాగితం మీద "ఫరవాలేదమ్మా" అని రాసిచ్చారు.

"తిట్టినా బాగుండేదే," అంది పిన్ని నాతో. "ఇక తీగల జోలికి పోను. ఆ డిస్కేదో మిషను లోపలే ఉండాలి."

బజారులో లాప్‌టాప్‌లు బాగుచేసే అతను మిషను తిరగేసి చూసి పెదవి విరిచాడు. "దీంట్లో ఒక్కటే పడుతుంది మేడం. పాతది పీకేసి పెద్దది వేసిస్తా."

"పాతదాన్ని కదపొద్దు బాబూ. అందులో రెండువందల పదకొండు మంది ఉన్నారు."

అతను లాప్‌టాప్‌ని నెమ్మదిగా బల్ల మీద పెట్టేశాడు.

పిన్ని ఇంటికొచ్చి ఆ మోడల్ విప్పే పద్ధతి ఉన్న పుస్తకాన్ని నెట్‌లో వెతికి పట్టుకుంది. తొంభై పేజీలు. అర్థంకాని మాటలకు డిక్షనరీ పక్కన పెట్టుకుని వారం రోజులు చదివింది. మొబైల్ సిమ్‌తో ఇంటర్నెట్ వచ్చే కార్డు కోసం లోపల ఒక చిన్న గాడి ఉందని, ఆ కార్డు లేని మిషన్లలో అది ఖాళీగానే ఉంటుందని, పొట్టి డిస్కయితే అందులో పనిచేస్తుందని అరవై నాలుగో పేజీలో దొరికింది. సంబరంలో ఆ "పొట్టి" అన్న మాట మరిచి, మామూలు డిస్కు కొనుక్కొచ్చింది. స్కేలు పెట్టి చూస్తే చోటుకు దాదాపు రెట్టింపు పొడవుంది.

మార్చుకోవడానికి వెళ్తే, రిపేరు చేసే అతను పేజీ చూసి తల గోక్కున్నాడు. "పదేళ్లుగా ఇవే విప్పుతున్నా, ఇందులో డిస్కు పెట్టొచ్చని నాకెప్పుడూ తట్టలేదు మేడం." పొట్టి డిస్కుతో పాటు ఒక బుల్లి స్క్రూ కూడా కాగితంలో చుట్టి ఇచ్చాడు. "ఇది బిగించకపోతే అది నిలబడదు."

ఆదివారం పొద్దున్నే భోజనాల బల్ల మీది సామానంతా తీసేసింది పిన్ని. బాబాయి టార్చి పట్టుకుని నిలబడ్డాడు. వచ్చే గురువారం ఒక బస్సు కండక్టరుకు ఆపరేషన్. బుధవారంలోగా ఇది తేలాలి.

కాగితం మీద లాప్‌టాప్ అడుగుభాగం బొమ్మ గీసి, ఊడదీసిన ప్రతి స్క్రూనూ దాని చోటులోనే టేపుతో అంటించింది. లోపలి భాగాలు పాడవకుండా, కుళాయిని ముట్టుకుని ఒంట్లోని కరెంటు వదిలించుకుంది. గోటితో అంచు లేపితే టప్పుమంది.

"విరిగిందా?" అన్నాడు బాబాయి.

"క్లిప్పులండీ. అలాగే చప్పుడవుతాయి. మీరు టార్చి కదపకండి."

ముందు బ్యాటరీ తీగ ఊడదీసింది. డిస్కును ఏటవాలుగా గాడిలోకి తోసి, కిందికి నొక్కి, బుల్లి స్క్రూ బిగించింది. బ్యాటరీ తీగ తగిలించి, మూత వేసి, మిషను ఆన్ చేసింది. కొత్త డిస్కు జాడలేదు.

బాబాయి పెదవి చప్పరించాడు. "పోనీలేవోయ్, నీ వంతు నువ్వు చేశావు."

"నా వంతు ఇంకా అవలేదు."

మళ్లీ విప్పింది, తీసి పెట్టింది, మూసింది. రెండోసారీ అంతే. మూడోసారి విప్పబోయి ఆగి, పుస్తకం తిరగేసింది. మిషను లేస్తుండగా ఒక బటన్ నొక్కితే లోపల ఏమేమున్నాయో చూపే పట్టిక వస్తుందట. నొక్కింది. కొత్త డిస్కు అక్కడ రెండో వరసలో ఉంది! అంటే అది చేరింది, కానీ ఇంకా వాడకానికి సిద్ధం చేయలేదు. ఆ సిద్ధం చేసే చోట రెండు డిస్కులూ పక్కపక్కనే ఉంటాయి. పొరపాటున పాతదాని మీద నొక్కితే అందరి గొంతులూ తుడిచిపెట్టుకుపోతాయి.

"సైజులు పైకి చదవండి," అంది పిన్ని. బాబాయి చదివాడు. మళ్లీ చదివించింది. మూడోసారి తనే చదివింది. అప్పుడు కొత్తదాని మీద నొక్కింది.

ఖాళీ డిస్కు తెరుచుకుంది. ఆ రోజంతా పాత గొంతులన్నిటికీ అందులో నకళ్లు తీసి, ఒక్కొక్కటీ తెరిచి కాస్త విని చూసింది.

బుధవారం కండక్టరు వచ్చాడు. గొంతు అప్పటికే బొంగురుపోయింది. పిన్ని ఇచ్చిన కాగితం చూసి పక్కన పడేశాడు.

"ఇవేం మాటలమ్మా, మంచం పట్టినోడి మాటలు! నేను బతికుండి ఏం మాట్లాడతానో అవి చెప్తా."

"చెప్పండి అన్నయ్యా. బోలెడు చోటుంది."

గంటా నలభై నిమిషాలు మాట్లాడాడు. డ్రైవరుతో గొడవలు, చిల్లర గురించి చెప్పే అబద్ధాలు, మనవరాలిని నిద్రపుచ్చే కథ. పిన్ని ఒక్కసారీ ఆపలేదు. లేచేముందు ఇద్దరూ కలిసి ఫైలు మొదలూ చివరా విన్నారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆయన మాత్రం మూడు నెలలు ఆ రికార్డింగు ముట్టలేదు. విననన్నట్టు చెయ్యి అడ్డం ఊపేవాడట. పిన్ని బలవంతపెట్టలేదు. నాలుగో నెలలో ఆయన భార్య ఫోన్ చేసింది. మనవరాలు నిద్రపోనని పేచీ పెడితే, ఆయనే లేచి వెళ్లి, ఫోన్ దిండు పక్కన పెట్టి, కథ నొక్కాడట.

"పడుకుందా మరి?" అనడిగింది పిన్ని.

"ఎక్కడమ్మా! కథలో తప్పు చెప్పావు తాతా, మళ్లీ చెప్పమంటోంది."