కొత్తల్లుడి పళ్ళెంలో అట్లాస్

ఆ రోజుల్లో అంటే మరీ తాతల కాలమేం కాదు, అందరి చేతుల్లో ఫోన్లు ఉన్న రోజులే. కానీ పశువైద్య కాలేజీలో మొదటి సంవత్సరం పిల్లలకు అప్పుడూ ఇప్పుడూ ఒకటే భయం, ఎముకలు. అందులోనూ వెన్నెముక. తొడ ఎముకను చూడంగానే ఇది తొడది అని ఎవరైనా చెప్తారు. వెన్నుపూసలు అట్ల కాదు, ఒకే కాన్పులో పుట్టిన పిల్లల మాదిరి అన్నిటికీ ఒకటే ముఖం. ఆవుది, గొర్రెది, గుర్రానిది పక్కపక్కన పెట్టి "ఇది మెడదా, వీపుదా, నడుముదా" అని సారు అడిగితే నేను ఎముకను కాకుండా సారు ముఖాన్ని చూసి జవాబు చెప్పేదాన్ని. (కనుబొమ్మ లేస్తే నడుముది, లేవకుంటే వీపుది.) ఈ పద్ధతి మీద చదువు ఎంత దూరం పోవాలో అంత దూరమే పోయింది. నోటి పరీక్షలో నేనూ, నా ఆదోని స్నేహితురాలూ ఇద్దరం తప్పినాం. మేం చాటుగా వెన్నుపూస సారు అని పిల్చుకునే ఆ పెద్దమనిషి కోప్పడలేదు. సెలవుల్లో ఒక గొర్రె వెన్నెముకను మా చేతుల్తోనే ఉడకబెట్టి, కడిగి, మెడ నుంచి తోక దాకా వరుసగా దారానికి గుచ్చుకొని రమ్మన్నాడు. అది తెస్తేనే మళ్ళీ పరీక్ష, లేకుంటే మళ్ళీ మొదటి సంవత్సరమే.

మాది ఎమ్మిగనూరు, ఇంట్లో మగ్గం. మా అవ్వ పక్కింట్లో కోడిగుడ్డు పగిలినా ముక్కు మూసుకునే మనిషి. కాబట్టి ఎముకలు ఉడికే పని ఆదోనిలోనే అని తీర్మానించుకొని, మా నాయనను అడిగి గట్టి నూలు దారం తీసుకొని బస్సెక్కినాను. నా స్నేహితురాలిని హాస్టల్లో అందరం బేగం అనేవాళ్ళం, తాగిన గ్లాసు కూడా తను కడుక్కున్న పాపాన పోలేదు గనక. వాళ్ళ మామకు మటన్ అంగడి. వచ్చినోళ్ళంతా చిన్న ముక్కలు కొట్టమని అడుగుతాంటే, మేం పోయి వెన్నెముక మొత్తం కొట్టకుండా కావాలన్నాం. ఆయన కత్తి పక్కన పెట్టి, కొట్టకుంటే ఎట్ల తింటారని అడిగినాడు. తినేదానికి కాదన్నాం. అప్పుడు ఇంకా భయపడినాడు.

బేగం వాళ్ళమ్మ, అంటే నేను ఖాలా అని పిల్చే ఆమె, బజారుకు పోయిండె. మేం ఆ వెన్నెముక రంధ్రంలోంచి దారం పంపి (ఉడికి విడిపోయినా వరుస తప్పకూడదని, నా తెలివే), పాము మాదిరి చుట్టి పెద్ద దబరాలో వేసి, పెరట్లో కట్టెల పొయ్యి మీద పెట్టి, పుస్తకం తీసుకొని మిద్దె పైకి పోయినాం. ఎముకల పాఠానికి ఒక గుణముంది, రెండో పేజీ దాటకముందే నిద్ర తెస్తుంది.

లేచేసరికి మసాలా వాసన. ఎంత మంచి వాసనంటే, లేచిన మరుక్షణం నాకు ఆకలేసింది, దాని వెనకనే గుండె ఆగింది.

మేం పడుకున్నప్పుడు జరిగింది ఇది. ఖాలా బజారు నుంచి వస్తాంటే కోడుమూరు నుంచి పెద్ద కూతురు ఫోన్ చేసింది, తనూ మొగుడూ దారిలో ఉన్నామని. పెళ్ళయినాక కొత్తల్లుడు ఇంటికి రావడం అదే మొదలు. ఏం వండాలా అని కంగారుగా ఇంట్లోకి వస్తే పెరట్లో దబరా ఉడుకుతాంది. టీ కూడా పెట్టడం రాని చిన్న కూతురు మటన్ షోర్వా చేస్తాండాదని ఆమెకు కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయంట. రుచి చూస్తే ఉప్పు లేదు, పసుపు లేదు, పైగా దారం కూడా పడిండాది. పాపం పిల్లలు అనుకొని దారం తీసి పారేసి, ఉప్పూ కారం పసుపూ అల్లంవెల్లుల్లీ అన్నీ వేసి, ఒక గిన్నె పక్కింటికి కూడా పంపింది.

మేం కిందికి దిగేసరికి హాల్లో దస్తర్‌ఖాన్, అంటే భోజనాల గుడ్డ, పరిచి అల్లుడూ బేగం వాళ్ళ నాయనా తింటాండారు. అల్లుడు రెండు రెక్కలున్న ఒక ఎముకను పట్టుకొని కళ్ళు మూసుకొని జుర్రుతాండాడు. తల మోసే మొదటి మెడ పూస, అట్లాస్. బేగం గోడకు అతుక్కుపోయింది. మాట్లాడాల్సింది నేనే అయింది.

"భాయ్, అది కొరకద్దు. అది మా అట్లాస్."

"అట్లాస్ అంటే దేశాల పటం కదమ్మా" అన్నాడు బేగం వాళ్ళ నాయన, పళ్ళెం కింద చూస్తా.

కాదు, కాలేజీ కోసం ఉడకబెట్టిన ఎముక అని బేగం గోడ దగ్గర్నుంచే గొణిగింది. అల్లుడి చెయ్యి గాల్లోనే నిలబడిపోయింది. ఎముకను మెల్లగా పళ్ళెంలో పెట్టి అడిగినాడు.

"ఇది మీ కాలేజీలో కోసి పాఠం చెప్పిన గొర్రెనా?"

వంటింట్లో గిన్నె కిందపడిన శబ్దం. ఖాలా కొంగు నోట్లో కుక్కుకొని నిలబడింది, బేగం వాళ్ళక్క ఏడుపు మొదలుపెట్టింది, మొదటిసారి వచ్చిన అల్లుడికి శవం పెట్టినారని అత్తింట్లో తెలిస్తే తన గతేమని. ఈ పొద్దు మటన్ మామ అంగట్లో తెచ్చిన తాజా గొర్రె అని నేను అల్లాసాక్షిగా, దేవునిసాక్షిగా, ఇద్దరినీ కలిపి ఒట్టు పెట్టినాను. బేగం ఆ మటన్ మామకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. "తినేదానికి కాదన్నారు కదా, మళ్ళా ఎందుకు తిన్నారు" అని ఆయన అటువైపు నుంచి విసుక్కున్నాడు. ఆ మాట విని అల్లుడికి నవ్వొచ్చింది. మొదట కొంచెం, తర్వాత పొలమారేంత. ఆయన నవ్వినాకనే ఆ ఇంట్లో అందరూ ఊపిరి తీసుకున్నారు.

ఆ తర్వాత ఆ ఇంట్లో భోజనం జరిగినట్టు ఇంకెక్కడా జరిగుండదు. ఎవరూ ఎముక పారేయకూడదని బేగం వాళ్ళ నాయన హుకుం. అందరూ శ్రద్ధగా తిని, శుభ్రంగా నాకి, పాత పేపర్ మీద పెడతాంటే మేం పుస్తకం తెరిచి వరుస పేర్చినాం. వీపువి కొన్ని తక్కువైతే ఖాలా పక్కింటికి పోయి ఎంగిలి ఎముకలు వాపసు అడిగింది. (వాళ్ళు ఆ గిన్నె కూడా కడిగి ఇచ్చినారు, కానీ చాలా రోజులు మాట్లాడలేదు.) అన్నీ దొరికినాయి. రెండో మెడ పూసకు మాత్రం ముందుకు పొడుచుకొచ్చే పన్నులాంటి కొన లేదు. అల్లుడు తల గోక్కుంటా, అది మెత్తగా ఉండిందని ఒప్పుకున్నాడు.

పరీక్ష రోజు సారు మా దండను వెలుతురుకు ఎత్తి చూసినాడు. ఎంత కడిగినా పోని పసుపు. వాసన చూసినాడు. పక్కనున్న పరీక్షాధికారికి ఇస్తే ఆయనా చూసినాడు. రెండో పూస కొన ఏమైందని సారు అడిగితే, అబద్ధం ఆడడం చేతగాని బేగం, "మా బావ తిన్నాడు సార్" అనింది. ఇద్దరు పెద్దమనుషులూ కొంతసేపు కిటికీలోంచి బయటికి చూస్తా ఉండిపోయినారు, భుజాలు మాత్రం ఊగుతాండాయి.

తర్వాత సారు నన్ను కళ్ళు మూసుకోమని, విడి పూసలు ఒక్కొక్కటే చేతిలో పెట్టినాడు. ఆ పొద్దు మొట్టమొదటిసారి నేను ఎవరి కనుబొమ్మలూ చూడకుండా జవాబు చెప్పినాను. పైకి కత్తి మాదిరి లేచినది తగిలితే పక్కింటి గిన్నె గుర్తొచ్చింది, వీపుది అన్నాను. పక్కలకు చేతులు చాచినది బేగం వాళ్ళ నాయన పళ్ళెంలోది, నడుముది అన్నాను. రెక్కలది పెట్టంగానే నవ్వాపుకోలేక పేరు కూడా సరిగ్గా పలకలేదు, అయినా పాస్ చేసినారు.

ఇప్పుడు పశువుల డాక్టరుగా హాలహర్వి పక్క పల్లెల్లో మందల చుట్టూ తిరుగుతాను. గొర్రె బలిసిందా బక్కదా తెలియాలంటే నడుము మీద వేళ్ళు పెట్టి పూసలు తడమాలి. తడిమినప్పుడల్లా నాకు తెలియకుండానే పెదాలు విచ్చుకుంటాయి. మొన్న ఒక కాపరి అది చూసి చిన్నబుచ్చుకొని, "ఏమ్మా, నా గొర్రెను చూసి నవ్వుతాండావు, అంత బక్కగుందా?" అన్నాడు. ఆ పొద్దు ఆదోని మిద్దె మీద పుస్తకం ముఖాన వేసుకొని నిద్రపోతున్న ఒక పిల్లను చూసి నవ్వినానని ఆయనకు ఎట్ల చెప్పేది. అవునన్నా, కొంచెం దాణా పెట్టు అని చెప్పి ఇంకో గొర్రె దగ్గరికి జరిగినాను.