ఎదురు నూగు

మఖమలు గుడ్డకు నూగు ఉంటుంది. ఒక దిక్కున నిమిరితే పడుకుంటుంది, ఎదురు నిమిరితే లేచి నిలబడుతుంది. అందుకే ముక్కలన్నీ ఒకే దిక్కుగా కత్తిరించాలి. లేకపోతే ఒకే గుడ్డ రెండు రంగుల్లో కనిపిస్తుంది. ఇరవై రెండేళ్లుగా మిషను తొక్కుతున్న కత్తెరమ్మకు ఈ సంగతి తెలియదా? నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. కానీ ఆవిడకు ఇంకో విద్య కూడా వచ్చు. ముక్కల్ని తలకిందులుగా పేర్చి, ఎంత చిన్న గుడ్డలోనైనా జానెడు మిగల్చడం. ఆ జానెడూ మడతపెట్టి కుట్టించుకున్నవాళ్ల చేతిలో పెట్టేటప్పుడు ఆవిడ ముఖం చూడాలి! ఆ గొప్పే ఈసారి కొంప ముంచింది.

పాటల బృందం వాళ్లకు ఎనిమిది మఖమలు కోట్లు కుట్టాలి. శనివారం కచేరీ. మంగళవారం పొద్దున మొదటి కోటు కలిపి కుట్టి కిటికీ దగ్గర పట్టుకుంటే, కుడివైపు నిగనిగలాడే నేరేడుపండు, ఎడమవైపు వెలిసిపోయిన వంకాయ. మిగతా ఏడూ అలాగే కత్తిరించి బల్ల మీద ఉన్నాయి.

కబురు గంటలో వీధంతా పాకింది. పై అంతస్తులో ఉండే తోడికోడలు అందరికంటే ముందు దిగింది.

"అయ్యో చెల్లీ, ఎంత పని జరిగింది! నీలాంటిదానికి ఇలా అవడమేంటి? ఎన్ని కోట్లు?"

కత్తెరమ్మ పెదాల మధ్య గుండుసూదులున్నాయి. పని చేసినంతసేపూ అవి అక్కడే ఉంటాయి. ఎనిమిది వేళ్లు చూపించింది.

"ఎనిమిదీనా?"

ఆ 'ఎనిమిదీనా' అన్నప్పుడు గొంతు పైకి లేచిన తీరుకు కత్తెరమ్మ ఒళ్లు మండింది. జాలిపడే గొంతు కిందికి దిగుతుంది గానీ పైకి లేస్తుందా?

వెనకాలే పక్క కొట్లో గడియారాలు బాగుచేసే బాబాయి వచ్చాడు. కోటును వెలుగులో అటూ ఇటూ తిప్పి, "దూరం నుంచి చూస్తే తెలీదులే అమ్మా" అన్నాడు. అని ఊరుకోక గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి చూసి, "అబ్బే, తెలుస్తోంది" అన్నాడు. ఎద్దు పుండు కాకికి ముద్దని ఊరికే అన్నారా! పని కట్టుకుని వచ్చి పొడిచి, పైగా నొప్పిగా ఉందా అని అడుగుతారు. పని బాగా కుదిరిన రోజున ఒక్కడూ ఇటు తొంగిచూడడు.

గుడ్డల దుకాణానికి ఫోన్ చేసింది. ఆ తానులో మిగిలిన ఐదు మీటర్లూ ఎదురు కొట్టు టైలరు మాస్టారు పట్టుకుపోయాడట. వేరే తాను తెస్తే రంగు కలవదు. శనివారానికి కోట్లు అందకపోతే ఇరవై రెండేళ్ల పేరు ఒక్క పూటలో గంగలో కలుస్తుంది.

అయినా ఆవిడ వీధి దాటలేదు. బుధవారమంతా ఆ ఎడమ ముక్కలకు ఆవిరి పట్టించింది, బ్రష్షుతో దువ్వింది, తిట్టింది. నూగు మొండికేసింది.

దాటకపోవడానికి కారణం ఉంది. కిందటేడు మాస్టారు ఒక పెళ్లికొడుకు కోటు వీపు మీద ఇస్త్రీపెట్టె మరిచిపోయి టీకి వెళ్లాడు. ఆయనకు 'మాడుకోటు మాస్టారు' అని పేరు పెట్టింది ఎవరనుకున్నారు? ఈవిడే. అందరికంటే ముందు వీధి దాటి వెళ్లి, "అయ్యో మాస్టారూ, వీపంతానా?" అని అడిగిందీ ఈవిడే. తన గొంతు అప్పుడు ఎలా లేచిందో బుధవారం సాయంత్రం గుర్తొచ్చింది. చచ్చినట్టు చెప్పులేసుకుంది.

"మాస్టారూ, ఆ మఖమలు..."

"తెలుసమ్మా. ఎనిమిది" అని ఆయన నవ్వాడు. మొహమాటం లేకుండా, కళ్లు తుడుచుకునేంత నవ్వు.

"నవ్వడానికి సిగ్గుగా లేదూ?"

"ఉంది. అయినా ఆగట్లేదు, ఏం చెయ్యను? నిన్న రాత్రి హాయిగా నిద్రపట్టింది నాకు. ఏడాదిగా ఈ వీధిలో పని చెడగొట్టినవాడంటే నేనొక్కడినే. మా మనవరాలు కూడా ఆ పేరుతోనే పిలుస్తోంది. ఇన్నాళ్లకి తోడు దొరికింది."

"ఆ పేరు పెట్టింది నేనే."

"అదీ తెలుసు." ఆయన అలమరలోంచి గుడ్డ తీసి బల్ల మీద పరిచాడు. "తీసుకెళ్లు. నాకు మళ్లీ తెప్పించి ఇద్దువుగాని. ఈసారి జానెడు మిగల్చకు."

ఆ మాటకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. క్షమించమనే మాట గొంతు దాకా వచ్చి దిగిపోయింది. గుడ్డ చంకన పెట్టుకుని వచ్చేసింది. ఇక ఈ జన్మలో ఒకరి తప్పు చూసి నవ్వనని వీధి మధ్యలో తన మీద తనే ఒట్టు పెట్టుకుంది.

శుక్రవారం సాయంత్రం ఎనిమిదో కోటుకు అంచు మడుస్తుండగా భర్త లోపలికి వచ్చాడు.

"విన్నావా? పైన మా వదిన కొత్త ఎర్ర చున్నీని తెల్లబట్టల్లో వేసి ఉతికేసిందట. అన్నయ్య ఆఫీసు చొక్కాలు గులాబీ రంగుకొచ్చాయి."

"అన్నీనా?" అంది కత్తెరమ్మ.

గొంతు పైకి లేచింది. నోట్లో సూదులున్న సంగతి మరిచిపోయింది. ఒకటి చటుక్కున కింది పెదవిలో దిగింది.

కొలతల అద్దం ముందుకెళ్లి చూసుకుంది. పెదవి మీద నెత్తురు చుక్క, దాని పక్కనే ఇంకా పోని నవ్వు. ఇన్నాళ్లూ మంటంతా వీధిలో వాళ్ల మీద. ఇప్పుడు తిట్టడానికి ఎదురుగా ఒక్క మనిషే ఉంది. సూదులన్నీ డబ్బాలోకి ఉమ్మేసి, "సిగ్గులేనిదానా" అని అద్దాన్ని తిట్టింది. అద్దంలో నవ్వు పోలేదు.