సరుగుడు తోపు మీద మబ్బు

ఆ మబ్బును అందరికంటే ముందు చూసింది నేనే. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా ఆ రోజు పేజీ నిండా సముద్రం గురించే రాసుకున్నాను.

అప్పుడు మా మిరపకాయలు కల్లంలో ఎండుతున్నాయి. కాయ కల్లంలో ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో ఎవరూ ఊరు దాటరు. పొద్దున్నే కాయను పరచాలి, మధ్యాహ్నం తిరగేయాలి, సాయంత్రం కుప్ప చేసి పట్టా కప్పాలి. నాన్న అన్నం తింటూ కూడా గుమ్మంలోంచి ఆకాశం చూస్తుంటాడు. అలాంటిది, ట్యూషన్లు చెప్పి కొనుక్కున్న కెమెరాతో చీరాల వెళ్లి సముద్రం ఫోటోలు తీయాలనుందని నేను అడిగితే ఒప్పుకున్నాడు. బహుశా నేను ఏదైనా నోరు తెరిచి అడగడం అరుదు కాబట్టి.

"ఇంకో రెండు ఎండలు పడితే బస్తాల్లోకి తొక్కొచ్చు. ఒక్క పూటకి ఏమవుద్దిలే" అన్నాడు.

మేనత్త తన కారు తెచ్చింది. దారంతా నేను లెన్సు మూత తీస్తూ, పెడుతూ కూర్చున్నాను. రోడ్డుకు రెండు వైపులా ఎర్రటి కల్లాలు వచ్చి పోతున్నాయి. ఒక్కటీ నిలకడగా దొరకలేదు. పత్తి లారీ ఒకటి, దాని వెనక ఎగురుతున్న దూది పింజలు. అదీ చెదిరిపోయింది.

"ఆ మూత అరిగిపోద్దే తల్లీ! ముందు నన్ను తియ్యి, కాస్త సన్నగా వచ్చేట్టు" అంది అత్త, స్టీరింగు తిప్పుతూ.

"దానికి వేరే మిషను కావాలి" అంది వెనక సీట్లోంచి అమ్మ.

ఒడ్డున నాన్న చేతులు రెండూ పక్కలకు అతికించుకుని నిలబడ్డాడు.

"అన్నయ్యా, ఆధార్ కార్డుకి కాదు. కొంచెం నవ్వు" అంది అత్త.

నాన్న నవ్వలేదు. దగ్గరికొచ్చి, ఇందులో ఏం కనపడుద్దో చూస్తానని కెమెరా తీసుకున్నాడు. చూసే అద్దం చుట్టూ వేళ్లతో తడిమి, కన్ను ఆనించాడు.

"ఏం కనపడట్లేదే?"

"రెండు కళ్లూ మూశావు నాన్నా."

అందరం నవ్వాం. కెమెరా తీసుకుని నేను కన్ను పెట్టాను. మరుక్షణం నిప్పురవ్వ పడ్డట్టయింది. రోజుల తరబడి కాయలో తిరిగిన చేతులు అవి. సబ్బుతో ఎంత కడిగినా ఘాటు పోదు. అమ్మ సీసాలోని నీళ్లు కంట్లో కొట్టి, కొంగుతో కెమెరా కూడా తుడిచింది.

గాలి తగలకుండా సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డాను. మంట తగ్గాక రెండో కన్నుతో, కెమెరా బాగానే ఉందా అని రోడ్డు వైపు తిప్పి, జూమ్‌తో దూరాన్ని దగ్గరికి లాగాను. సరుగుడు తోపు కొసల వెనక, మా ఊరి వైపు, నల్లగా, అడుగున ఊదాగా మబ్బు కమ్ముకుని ఉంది. వేలు దానంతటదే నొక్కింది.

నాన్నకు చెప్పాలి. కెమెరా దించితే ఏమీ లేనట్టే ఉంది. అక్కడ దుమ్ము రంగు గీత తప్ప ఏదీ తెలియలేదు. దూరపు మబ్బు, ఎటో పోతుందిలే అనుకున్నాను. ఇటు తిరిగేసరికి నాన్న పంచె మోకాళ్ల దాకా ఎగగట్టి నీళ్లలోకి దిగాడు. అమ్మ చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు. అమ్మ "వద్దయ్యో, చీర తడుస్తది" అంటూనే దిగుతోంది. నాకు బుద్ధి తెలిశాక వాళ్లిద్దరినీ అలా చూడలేదు. చెప్పానంటే నాన్న పంచె దించేసి కారెక్కుతాడు.

అల వచ్చినప్పుడు వాళ్లు కదిలారు. వాళ్లు నిలబడినప్పుడు నా చెయ్యి కదిలింది. వెనక్కి చూడాలని మెడ లాగుతోంది, చూడటం లేదు.

"ఇక బయల్దేరదామా అమ్మా?" అన్నాడు నాన్న.

"ఇంకొక్కటి నాన్నా."

ఆ మాట ఎన్నిసార్లు అన్నానో. చివరికి వాళ్లు నవ్వుతూ దొరికారు. వెంటనే నాన్న ఫోను మోగింది. పక్క కల్లం రైతు. గాలికి ఆయన మాట అందరికీ వినపడింది: "అన్నా, చినుకులు మొదలైనయ్! మా కాయ కప్పి మీదానికి పోతున్నాం. ఎంత కప్పగలమో!"

అత్త కారును వేగంగా పోనిచ్చింది. మేం చేరేసరికి వాన వెలిసింది. సగం కాయ పట్టా కింద ఉంది. మిగతా సగం నీళ్లలో తేలుతోంది. మబ్బు చూసినప్పుడే బయల్దేరి ఉంటే కప్పడానికి ఇంకో నాలుగు జతల చేతులు ఉండేవి.

తర్వాత చాలా రోజులు తడిసిన కాయను ఆరబోసి, రంగు పోయి తెల్లబడ్డ తాలు కాయలు ఏరాం. నేను అందరికంటే ముందు కూర్చుని ఆఖరున లేచేదాన్ని. "దీనికి ఇంత ఓపిక ఎక్కడిదే" అంది అమ్మ. మబ్బు ఫోటో చెరిపేద్దామని కెమెరా తీయడం, మళ్లీ పెట్టేయడం. అదీ చేయలేకపోయాను.

కాయ బస్తాలకెక్కిన రోజు సాయంత్రం నాన్న, "ఆ సముద్రం ఫోటోలు చూపించమ్మా" అన్నాడు. తీసిచ్చాను. ఒక్కొక్కటీ వెనక్కి నొక్కుతూ చూస్తున్నాడు. ప్రతి ఫోటో కింద తీసిన టైము పడుతుంది; కొన్న రోజే గడియారం చూసి సరిచేసి పెట్టాను. తామిద్దరూ నవ్వుతున్నదాని దగ్గర ఆగి, అమ్మను పిలిచి చూపించాడు. అమ్మ లోపలికి వెళ్లాక మళ్లీ నొక్కసాగాడు. సరుగుడు తోపు వచ్చింది. తన ఫోను తీసి, ఆ రోజు వచ్చిన కాల్ ఎక్కడుందో వెతికాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు.

నేను నేల చూస్తూ కూర్చున్నాను. కెమెరా నా ఒళ్లో పెట్టి లేచాడు.

"ఇందులో టైము తప్పు చూపిస్తోందమ్మా. సరిచేసుకో."