వీణను ఒళ్ళో కూర్చోబెట్టిన గురువుగారు

మా వీణ గురువుగారు పోయారు. అంతర్వేది నుంచి కొత్త కాలవ మీద వచ్చిన పడవవాడు మా రేవులో ఆ మాట చెప్పి, కొబ్బరికాయలు దింపే పనిలో పడిపోయాడు. అప్పటినుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఇది రాస్తూ నాలుగుసార్లు లేచాను. చదివేవారు మన్నించాలి.

మాది వేదం చెప్పుకునే ఇల్లు. పాతికేళ్ళు దాటాక వీణమీద మనసై ఆయన దగ్గర చేరాను. సరస్వతీదేవి చేతిలో ఉండే వస్తువు నా తొడకు తగిలితే తప్పని, వీణకి ఎడమకొసన ఉండే సొరబుర్రను తొడమీద ఆననివ్వకుండా ఎడమచేత్తోనే ఎత్తి పట్టుకునేవాణ్ణి. ఆయన చూస్తే దించేవాణ్ణి, తల తిప్పితే ఎత్తేవాణ్ణి. భక్తి అనుకున్నాను, నా బొంద! ఏడాది తిరిగేసరికి ఎడమచెయ్యి మొద్దుబారింది. తుండుగుడ్డ పిండుదామన్నా వేళ్ళు ముడుచుకునేవి కావు. ఇక నాకు వీణ లేదని ఏడ్చాను.

గురువుగారు నా చెయ్యి చూసి సంగతి కనిపెట్టి, నెల్లాళ్ళు వాయించవద్దన్నారు. వీణ కుండ నేలమీద, బుర్ర తొడమీద పెట్టించి, "ఇప్పుడు చేతులు రెండూ తీసెయ్యవయ్యా" అనేవారు.

"పడిపోతుందండీ!"

"పడితే నేను లేనూ? అమ్మవారు ఒళ్ళో కూర్చుంటానంటే వద్దంటావేమయ్యా? వీణ మెట్లమీద నడవాల్సిన చేత్తో కావడి మోయిస్తావేం?"

ఆయన తన ఉత్తరీయం మడిచి నా తొడకింద పెట్టేవారు. ఒంటిచేత్తో, తీరిగ్గా. ఒక మడత తీసి, ఒక మడత వేసి, నా భుజం దిగేదాకా వదిలేవారు కాదు. మధ్యలో పొడుం పీల్చి, తుమ్మి, మళ్ళీ మడతలు.

నాది దుడుకు నోరు. ఇరవయ్యో రోజున ఆపుకోలేక, "మీరు వాయించరు, నన్ను వాయించనివ్వరు! ఇదేం చదువండీ?" అనేశాను. ఆయన వాయించగా నేనెన్నడూ వినలేదు. కుడిచేత్తో తీగ మీటి, నోటితో పాడి చెప్పేవారు. నా మాటకి "ఆయ్" అని, ఇంకో మడత వేశారు. నెల తిరిగేసరికి తిమ్మిరి పోయింది. క్షమించమని మాత్రం అడగలేదు. తరవాత అడుగుదాంలే అనుకున్నాను.

కబురు విన్న మర్నాడే పడవెక్కి అంతర్వేదిలో గురువుగారింటికి వెళ్ళాను. గురువుగారి భార్య గోడకి చేరబడి కూర్చున్నారు. ఆవిడ కాళ్ళదగ్గర కూలబడి, ఆ రోజు నేనన్న మాట చెప్పుకున్నాను.

"నీకు చెప్పలేదా నాయనా?" అన్నారావిడ. "ఆయనా వయసులో నీలాగే ఎత్తి పట్టుకునేవారు. వద్దని చెప్పేవాళ్ళు లేకపోయేరు. ఎడంచేతి వేళ్ళు పడిపోయేయి. పంచె గోచీ కూడా నేనే దోపేదాన్ని. నువ్వన్న మాట చెప్పి నవ్వేరు. నీ చెయ్యి బాగుపడ్డ రోజున మటుకు, 'వీడి చెయ్యి దక్కిందే' అంటూ మారు అన్నం పెట్టించుకున్నారు."

ఇవాళ పొద్దున వీణ ముందు కూర్చున్నాను. ఎడమచెయ్యి ఏ నొప్పీ లేకుండా మెట్లమీద పరుగెడుతోంది. ఆ హాయిని భరించలేక లేస్తున్నాను, లేచి మళ్ళీ కూర్చుంటున్నాను.